చెల్లెలి ఓడ పాయింట్లు

నాకు అసూయ ఎక్కువ. ఎవరో అన్న మాట కాదు, నేనే చెబుతున్నాను. ముదిగొండ దగ్గరి మా పుట్టింట్లో ఉన్నప్పుడు చెల్లెలికి కొత్త రిబ్బన్లు తెస్తే నాకూ తేవాలి, పైగా నావి జానెడు పొడుగుండాలి. ఆమె నాకంటే రెండేళ్లు చిన్నది, నాకంటే ఒక చాయ తెలుపు. ఈ రెండు విషయాల్లో నేను చేయగలిగింది ఏమీ లేదు కాబట్టి మిగతా అన్నింట్లో పట్టు పట్టేదాన్ని. పెళ్లిళ్లయ్యాక ఈ గుణం కొంచెం సద్దుమణిగింది. ఆమెను ఖమ్మంలో గ్రానైట్ వ్యాపారం చేసే ఇంటికి ఇచ్చారు, నన్ను దమ్మపేట వైపు వరీ మిరపా పండించే ఇంటికి ఇచ్చారు. మధ్యలో బోలెడు బస్సు ప్రయాణం. కళ్ల ముందు లేని మనిషి మీద రోజూ కుళ్లుకోవడం కుదరదు కదా, పని కూడా ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్లయి ఉంటుంది. ఒక ఎండాకాలం మొదట్లో ఆమె కారేసుకుని మా ఇంటికి వచ్చింది. చంకలో లావుపాటి ఆల్బం.

"అక్కా, మేం ఓడెక్కినం," అంది గడప దాటకముందే.

సింగపూరు దాకా విమానమట, అక్కడి నుంచి ఐదు రోజులు ఓడట. ఓడలోనే ఈత కొట్టే చెరువు, ఓడలోనే సినిమా హాలు, ఓడలోనే బజారు. ఒక్కో ఫొటో తిప్పుతూ ఆమె చెప్పుకుపోతోంది. నేను వింటున్నట్టు తలాడిస్తున్నాను గానీ నా చూపంతా ఒక ఫొటో దగ్గర ఆగిపోయింది. ఓడ పైభాగంలో, పొడుగాటి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని ఉంది. చుడీదారు వేసుకుంది, అది వేరే సంగతి. ఆమె రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. ఊరికే ఉన్నాయి. గరిటె లేదు, చాట లేదు, పిల్లల తువ్వాలు లేదు. నాకు అట్లాంటి ఫొటో ఒక్కటీ లేదు. మా పెళ్లి ఫొటోలో కూడా కొబ్బరిబోండాం పట్టుకుని ఉన్నాను.

"ఓడల వాంతులైతయంటరు. నీకు కాలేదా?" అని అడిగాను. అయ్యాయని చెబుతుందేమోనని చిన్న ఆశ.

"ఒక్కటంటే ఒక్కటి కాలేదక్కా. బస్సుల అయితయ్ గానీ ఓడల కాలేదు."

టీ పెట్టే నెపంతో వంటింట్లోకి పోయాను. ఆమె మూడు చెంచాల చక్కెర తాగే మనిషి, ఒకటిన్నర వేసి కలిపాను. తాగి "బాగుందక్కా" అంది. కనీసం మొహమైనా చిట్లించలేదు.

ఊరుకోలేక మేమూ లాంచీ ఎక్కాం కదా అన్నాను. నిజమే, ఎక్కాం. భద్రాచలంలో దర్శనం చేసుకుని, పాపికొండలు చూద్దామని పద్నాలుగు మందిమి పోయాం. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపింది నేను. లాంచీలో ఆకులు పరిచి వడ్డించింది నేను. కొండలొచ్చాయి చూడండి, చూడండి అంటూ అందరూ ఒక పక్కకు పరిగెత్తినప్పుడు రెండో పక్కన బకెట్ నీళ్లతో గిన్నెలు కడిగింది నేను. పాపికొండలు ఎట్లా ఉంటాయని ఎవరైనా అడిగితే బాగుంటాయని చెబుతాను, చూసినవాళ్లు అట్లాగే చెప్పారు కాబట్టి. చెల్లెలికి మాత్రం ఆ రోజు కొండల గురించి చాలాసేపు వర్ణించాను.

ఆమె అంతా విని, అసలు విషయం అప్పుడు చెప్పింది.

"ఒక్కసారి పోయొచ్చేది గాదక్కా ఇది. మెంబర్‌షిప్. ఏటా ఇన్నని పాయింట్లిస్తరు. ఆ పాయింట్లు పెట్టి ఓడెక్కాలె. ఇరవై అయిదేండ్ల దాకా."

ఇరవై అయిదేళ్లంటే ఇరవై అయిదు ఆల్బంలు. ఇరవై అయిదు ఎండాకాలాలు ఆమె కారు దిగుతుంది, నేను టీ కలుపుతాను.

"మీరు గూడ తీసుకోండ్రి. వచ్చే ఆదివారం ఖమ్మంల హోటల్ల మీటింగ్ పెట్టిండ్రు. మొగుడు పెండ్లాలు ఇద్దరు రావాలె, ఒక్కరొస్తే లోపలికి రానియ్యరు. బావను తీస్కరా. నచ్చితెనే తీసుకోండ్రి, బలవంతమేం లేదు."

ఆమె కారు మలుపు తిరగగానే నేను మా ఆయన దగ్గరికి పోయాను. ఆయన పశువుల కొట్టం దగ్గర తాడు పేనుతున్నారు.

"పాయింట్లంటే ఏంది?" అన్నారు.

నాకు తెలిసినంత చెప్పాను. ఏటా కొన్ని ఇస్తారు, మంచి గదికి ఎక్కువ పోతాయి, మామూలు గదికి తక్కువ పోతాయి, వాడుకోకపోతే కొన్నాళ్లకు చెల్లకుండా పోతాయి.

ఆయన తాడు పేనుతూనే, "అంటే నీళ్ల వంతు లెక్కనే," అన్నారు.

మా చేలకు వాగు కాలువ నీళ్లు వంతుల మీద వస్తాయి. ఒక్కో రైతుకు వారంలో ఇన్ని గంటలని ఉంటుంది. మన వంతు మనకు అక్కర్లేకపోతే పక్క చేనాయనకు వదులుతాం, మనకు అదను వచ్చినప్పుడు ఆయన వంతు మనకు వదులుతాడు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. ఎవరికి ఎవరు ఎన్ని గంటలు వదలాలో అందరికీ నోటికి వచ్చు. మా ఆయనకు విషయం తన చేను గట్టంత దగ్గరగా అర్థమైపోయింది, ఇంక ఏమీ అడగలేదు. ఆయన అడ్డు చెప్పనందుకు నేను సంతోషపడ్డాను. ఆయన బుర్రలో ఏముందో అడగాలని నాకు తట్టలేదు.

ఆ వారమంతా నేను మనిషిని కాను. మిరపలో ఆఖరి ఏరుడు నడుస్తోంది. భద్రాచలం అవతలి నుంచి, అడవి ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు మా చేలోనే పాకలు వేసుకుని ఉండి పని చేసేవాళ్లు. వాళ్లతో పాటు నేనూ సాలు పట్టి ఏరుతూ, ఆపుకోలేక ఓడ సంగతి బయటపెట్టాను. మా చెల్లెలు అనకుండా, తెలిసినవాళ్లు ఎవరో పోయొచ్చారని చెప్పాను. వాళ్లలో పెద్దావిడ, ఏటా మా చేనుకే వచ్చే మనిషి, నడుం నిమురుకుంటూ లేచి నిలబడింది.

"నీళ్ల మీద అయిదు దినాలుండి ఏం జేస్తరక్కా?"

"ఏం జెయ్యరు. కూసుంటరు. వేళకు ఎవరో వండి తెచ్చిపెడతరు."

"గోదారొచ్చినప్పుడు మేం గూడ గట్లనే కూసుంటం, గుట్ట మీద. సర్కారోళ్లు అన్నం పొట్లాలు తెస్తరు."

అందరూ పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, ఆ క్షణాన నాకు ఆ పొట్లం మీద కూడా ఈర్ష్య పుట్టింది, ఎవరో వండిన అన్నం కదా అని. ఇల్లు మునిగి గుట్టెక్కిన మనిషిని చూసి ఓర్వలేని స్థితికి వచ్చానంటే నా జబ్బు ఎంత ముదిరిందో చూడండి.

శుక్రవారం నాడు మా ఆయన గట్టు మీది టేకు చెట్లకు తాడు చుట్టి కొలుస్తూ కనిపించారు. అవి మా పెళ్లయిన ఏడాది మామగారు నాటినవి. మనవళ్లు ఇల్లు కట్టుకుంటే ద్వారబంధాలకు పనికొస్తాయని చెప్పి, తన చేత్తో కుండలతో నీళ్లు పోసి పెంచారు. పోయేముందు కూడా వాటి మాటే మాట్లాడారు.

"ఎందుకు కొలుస్తున్నరు?" అన్నాను.

"ఊకనే. అవసరం పడితే ఉంటదని. కొట్టనీకి పర్మిట్‌కు ఎన్నిరోజులు పడుతదో అడిగిన."

నేను అన్నం సరిగ్గా తినడం లేదని, మాటకు ముందు విసుక్కుంటున్నానని ఆయన వారం నుంచీ చూస్తున్నారు. నోటితో ఒక్క మాట అనకుండా పోయి చెట్లు కొలిచారు. అప్పుడైనా నేను వద్దనాల్సింది. మామగారి చెట్లు అమ్మి నేను ఓడెక్కడం ఏమిటని అనాల్సింది. నేను అన్నదల్లా, "ఆదివారం పొద్దున ఫస్ట్ బస్‌కే పోవాలె," అని.

హోటల్లో ఏసీ హాలు. గుండ్రటి బల్లలు, ఒక్కో బల్లకు ఒక జంట, ఒక కుర్రాడు. మా బల్ల దగ్గరి కుర్రాడు మెడకు టై కట్టుకుని, హైదరాబాదు నుంచి వచ్చానని చెప్పి, మమ్మల్ని సార్ అనీ మేడమ్ అనీ పిలుస్తున్నాడు. మా ఆయన్ని సార్ అన్న ప్రతిసారీ ఆయన వెనక్కి తిరిగి చూశారు. పాత మెంబరు హోదాలో మా చెల్లెలు కూడా మా బల్ల దగ్గరే కూర్చుంది. వాళ్లాయన రాలేదు, క్వారీ దగ్గర పని ఉందట. ఎవరైనా జంట సంతకం పెట్టగానే ఒకతను గంట కొడతాడు, హాలంతా చప్పట్లు కొట్టాలి. అరగంటలో మూడుసార్లు కొట్టాం.

కుర్రాడు మా ముందు ఒక రంగుల చార్టు పరిచాడు. ఏడాదిలోని నెలలన్నీ ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉన్నాయి. ఎర్ర నెలల్లో అందరికీ సెలవులు కాబట్టి పాయింట్లు రెట్టింపు పోతాయి. నీలం నెలల్లో తక్కువ పోతాయి. మేము కొనగలిగిన చిన్న మెంబర్‌షిప్‌కు నీలం నెలల్లో పోతే కిటికీ ఉన్న గది వస్తుంది, ఎర్ర నెలల్లో పోవాలంటే రెండేళ్ల పాయింట్లు కూడబెడితే గానీ కిటికీ లేని గది కూడా రాదు. పోయినా పోకపోయినా నిర్వహణ ఖర్చని ఏటా కట్టాల్సింది ఇంకొకటి ఉంది, అది చార్టుకు వెనక పేజీలో ఉంది.

నేను పదో తరగతి తప్పినదాన్ని. అయినా ఆ చార్టును ఆ కుర్రాడి కంటే నేనే బాగా చదివాను. నీలం రంగు జూలై, ఆగస్టు మాకు నాట్లు. నీలం రంగు ఫిబ్రవరి, మార్చి మాకు మిరప ఏరుడు, చేలో ముప్ఫై మంది కూలీలు. మాకు చేతులు ఖాళీ అయ్యేది ఎండాకాలంలో, మళ్లీ విత్తనాలు పడే లోపు. అదంతా నెత్తురులాంటి ఎరుపు. ఇది ఉద్యోగాల వాళ్లకు చేసిన బేరం, వ్యవసాయం చేసే ఇంటికి పనికిరాదని నాకు టీ తాగినంతసేపట్లో తెలిసిపోయింది.

తెలిసినా నా మనసు సంతకం మీదే ఉంది. కిటికీ లేకపోతే పోనీ. రెండేళ్లకొకసారి కాకపోతే మూడేళ్లకొకసారి. చెల్లెలికి ఉన్నది నాకూ ఉందని మా పుట్టింటి వాళ్ల ముందు చెప్పుకుంటే చాలు. మా ఆయన చెవి దగ్గరికి వంగి, "నీ ఇష్టం. టేకు ఉంది," అన్నారు. నేను ఫారం దగ్గరకు లాక్కున్నాను.

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకుని, వారం రోజులుగా లోపల దాచుకున్నది కుర్రాణ్ని అడిగారు.

"ఒక్క మాట. మా మరదలికి పాయింట్లున్నయ్ గదా. ఆమె ఇప్పుడే పోయొచ్చింది, వచ్చే ఏడు అవసరం ఉండదు. ఆ వంతు మేం వాడుకుంటం. మేం తీసుకున్నంక మా వంతు ఆమెకు వదులుతం. గట్ల ఇచ్చి పుచ్చుకోవచ్చునా?"

కాలువ గట్టు మీద పక్క చేనాయన్ని అడిగినట్టే అడిగారు. అందులో ఆయనకు తప్పేమీ కనిపించలేదు. కుర్రాడికి అది ఇంకా నచ్చింది. మెంబరు ఒప్పుకుంటే ఇవ్వొచ్చు సార్ అని, హుషారుగా చెల్లెలి నంబరు కొట్టి కంప్యూటర్‌లో చూశాడు.

"మేడమ్‌కి బ్యాలెన్స్ లేదు సార్. సంక్రాంతి సెలవుల్లో, ఎర్ర సీజన్‌లో వెళ్లారు, పైన గది తీసుకున్నారు కదా. రాబోయే సంవత్సరాలవి కూడా ముందే వాడేశారు. మళ్లీ వెళ్లాలంటే నాలుగేళ్లు ఆగాలి." మా మొహాలు చూసి వెంటనే సర్దుకున్నాడు. "కొత్త మెంబర్లను తీసుకొస్తే బోనస్ ఉంటుంది సార్. మీరిప్పుడు జాయిన్ అయితే మేడమ్ వచ్చే సంవత్సరమే వెళ్లొచ్చు."

చెల్లెలి మొహం చిన్నబోయింది. తల వంచుకుని గాజులు సర్దుకుంది. నేను ఫారం వైపు చూశాను. ఎవరి ద్వారా వచ్చారన్న గడిలో ఆమె పేరు, నంబరు ముందే నింపి ఉన్నాయి, ఆమె చేతిరాతే.

ఆ క్షణాన నాకు కోపం రావాలి. రాలేదు. సంతోషం వేసింది. ఇరవై అయిదు ఆల్బంలు లేవు. ఉన్నది ఒక్కటే. ఆ ఒక్కటి పట్టుకుని ఆమె మా ఇంటి దాకా వచ్చింది.

"అక్కా, ఒక్కసారి ఇటు రా," అని నన్ను వరండాలోకి తీసుకుపోయింది. అక్కడ చేతులు కడుక్కునే తొట్టి ఉంది. ఆమె కుళాయి తిప్పి మొహం కడుక్కుంది.

"ముందే చెప్పాల్సింది. సిగ్గేసింది. నువ్వేమన్న అనుకుంటవని."

"ఏమనుకుంట?"

"మా ఇల్లు నీకు తెల్వనిదేం గాదు. పొద్దున అయిదింటికి పొయ్యి ముట్టిస్తే, ఇంట్లోళ్లు, చుట్టాలు, రాయి కొననీకి వచ్చినోళ్లు, లారీలోళ్లు, అందరు తిని పోవాలె. పన్నెండేండ్లయింది. నేను తిన్ననా లేదా అని ఒక్కరన్న అడగరు. ఆ ఓడల ఒకాయన, తెల్ల టోపీ పెట్టుకున్నాయన, నా దగ్గరికొచ్చి ఆకలైతుందా మేడమ్ అని అడిగిండక్కా. నాకు ఏడుపొచ్చింది. ఆయన పరేషానై ఇంకో ఆమెను పిలుచుకొచ్చిండు." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "మా ఆయన ఇగ కొనడు. ఆ పాయింట్లు వస్తెనే నేను పోయేది. ఇంకొక్కసారి పోతే చాలనిపిస్తుంది. నీకు భారమైతే వద్దులే."

నా చెల్లెలు అంతకుముందు నన్ను ఏదీ అడగలేదు. రిబ్బన్లు కూడా నేనే లాక్కునేదాన్ని. ఆమె అడిగింది ఏమిటో నాకు అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది, ఎందుకంటే నాకు కావలసిందీ అదే. ప్రపంచంలో ఆ మాట అర్థం చేసుకోగల మనిషి ఆ హాల్లో ఇంకొకరు లేరు.

"రా పోదాం," అని ఆమెను లోపలికి తీసుకొచ్చాను. కుర్చీలో కూర్చుని, చార్టు మీద వేలు పెట్టి, కుర్రాడికి గట్టిగానే చెప్పాను. "చూడు బాబూ, ఈ నీలం నెలలు మాకు నాట్లు. ఇవి మిరప ఏరేటియి. మాకు తీరిక దొరికేది ఈ ఎర్ర నెలల్ల. అప్పుడు నువ్విచ్చే పాయింట్లకు గది రాదు. పోకున్నా ఏటా కట్టాలంటివి. మాకెందుకిది?"

కుర్రాడు పై ఆయన్ని పిలుచుకొచ్చాడు, ఆయన చార్టు తిప్పి చూసి మడతపెట్టాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న, తిరుమలాయపాలెం నుంచి వచ్చిన ఒక రైతు నా మాటలు విని కలానికి మూత పెట్టేశాడు. మా ఆయన నన్ను మెచ్చుకోలుగా చూశారు. ఇంటికి వచ్చే బస్సులో, వాళ్లు బహుమతిగా ఇచ్చిన గాజు గిన్నెల పెట్టె ఒళ్లో పెట్టుకుని, నువ్వు లేకపోతే చెట్లు పోయేవి అని రెండుసార్లు అన్నారు. నెల తిరిగేసరికి మా చుట్టాల్లో నా తెలివి గురించి కథలు మొదలయ్యాయి. టౌనోళ్లను చార్టుతోనే కొట్టిందట అని చెప్పుకున్నారు.

నేను చెప్పిన కారణంలో అబద్ధం ఒక్కటీ లేదు. ఇప్పుడు ఎవరు అడిగినా, సాగు చేసుకునే ఇంట్లో ఆ పాయింట్లు కొనొద్దనే చెబుతాను. కానీ ఆ కారణం నాకు వరండాలోకి పోకముందే తెలుసు. తెలిసీ మామగారి చెట్లు కొట్టించి సంతకం పెట్టడానికి సిద్ధపడ్డాను. సంతకం పెడితే మొదట ఓడెక్కేది తను అని తెలిశాకే కలం కింద పెట్టాను. నేను ఎప్పటికో కిటికీ లేని గదిలో పోవడం, తను వచ్చే ఏడే మళ్లీ పోవడం, నేను ఓర్చుకోలేకపోయాను. అంతే. అంతకు మించి అందులో తెలివేమీ లేదు.

చెల్లెలు మళ్లీ ఓడ ఎక్కలేదు. ఏటా కట్టాల్సింది రెండేళ్లు కట్టి, తర్వాత వాళ్లాయన ఆపేస్తే అది ఆగిపోయింది. ఆ సంగతి నాకు చాలాకాలం తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది. మీటింగ్ అయిన పది రోజులకు మాత్రం తనే ఫోన్ చేసింది. చేను సంగతి, పిల్లల సంగతి అడిగాక అసలు మాటకొచ్చింది.

"ఇంకిద్దరు ముగ్గుర్ని అడుగుదామనుకున్న గానీ, ఇగ అడగనక్కా. నువ్వు చెప్పింది విన్నంక నాకే తప్పనిపిచ్చింది, మన చుట్టాలను దాంట్ల ఇరికిచ్చుడు. ముందే నిన్ను అడిగి ఉంటే నేను గూడ కొనకపోదును. మా ఆయనతోని గదే అన్న, మా అక్క నా మంచి కోరే అట్ల చెప్పిందని. అవ్ గదక్కా?"

"అవ్," అన్నాను.